జేబులో క్లిప్పు

మనిషి ఒంట్లో పిడుగు ఉంటుందని మొదటిరోజే చెప్పి కొత్తవాళ్ళను హడలగొట్టడం మాస్టారికి మహా సరదా.

"నవ్వకండి," అనేవారు. "కుర్చీలోంచి లేచారా, స్వెట్టర్ విప్పారా, ప్లాస్టిక్ కవరు చింపారా, అయిపోయిందే! మీ వేలి చివర రెండు వేల వోల్టులు వచ్చి కూర్చుంటాయి. మీకు తెలీదు. చురుక్కుమనాలంటే అంతకన్నా ఎక్కువ కావాలి. కానీ ఈ ఐసీ ఉంది చూశారూ, ఈ గోరంత నల్ల ముక్క, దీని ప్రాణం తియ్యడానికి వంద చాలు. మీరు ముద్దుగా ముట్టుకుంటారు, అది లోపల కాలిపోతుంది."

ఇక్కడ ఆగి ఒక్కొక్కరి ముఖం చూసేవారు. తర్వాత గొంతు తగ్గించి అసలు మాట చెప్పేవారు. "చస్తే మంచిదే. పరీక్షలో దొరికిపోతుంది, పీకి పారేస్తాం. చావకుండా గాయపడిందనుకోండి, ఆ రోజు అన్ని పరీక్షలూ పాసవుతుంది. నెలకో రెండు నెలలకో, ఎవరి మంచం పక్కనో ఉన్నప్పుడు టక్కున ఆగిపోతుంది. అందుకే ఈ పట్టీ. ఇది లేకుండా బోర్డు ముట్టుకున్నవాడు నా దృష్టిలో చేతులు కడుక్కోని డాక్టరు."

ఆ పట్టీ ఏమంత గొప్ప వస్తువు కాదు. మణికట్టుకు వాచీలా తొడుక్కునే నీలం రంగు సాగుడు పట్టీ, దానికి మెలికలు తిరిగిన తీగ, తీగ చివర పళ్ళున్న క్లిప్పు. ఆ క్లిప్పును బల్ల అంచున ఉన్న ఎర్త్ బొడిపెకు తగిలించాలి. తగిలిస్తే ఒంట్లో పోగైనదంతా చడీచప్పుడు లేకుండా నేలలోకి దిగిపోతుంది. ఆ వర్క్‌షాపులో గోడవైపు తిరిగి ఏడు బల్లలు, ఏడింటి మీదా ఆకుపచ్చ రబ్బరు చాపలు. ఆసుపత్రుల నుంచి వచ్చే మందు పంపులు, అంటే రోగి నరంలోకి మందును చుక్క చుక్కగా ఎక్కించే యంత్రాలు, వాటి బోర్డులను అక్కడ బాగుచేస్తారు. పంపు ఆగితే మందు ఆగుతుంది. మందు ఆగితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

ఇంత చెప్పే మాస్టారు తన క్లిప్పును కోటు జేబులో పెట్టుకొని పని చేసేవారు.

అవును, జేబులోనే. రెండేళ్ళ క్రితం ఒకరోజు ఆ తీగ మోచేతికి తగులుకొని స్క్రూల పళ్ళెం కిందపడింది. ఆవగింజంత స్క్రూలు గదంతా చిమ్మాయి. ఇరవయ్యారేళ్ళ అనుభవం ఉన్న మనిషి కుర్రకారు అందరి ముందూ మోకాళ్ళ మీద పాకుతూ ఒక్కొక్కటీ ఏరుకోవాల్సి వచ్చింది. "ఛీ, ఈ తాడొకటి నా ప్రాణానికి," అని ఆ పూటకు క్లిప్పు తీసి జేబులో వేసుకున్నారు. ఏమీ కాలేదు. మర్నాడూ ఏమీ కాలేదు. ఏమీ కాకపోవడమే ఇందులో ఉన్న దగా. చేయి కాలితే మనిషి భయపడతాడు, బొబ్బ లేని వాతకు ఎవడు భయపడతాడు?

అలాగని ఆయన మరీ బరితెగించారని కాదు. రోజూ పొద్దున్నే గుమ్మం దగ్గరున్న పరీక్ష పెట్టెలో తీగ గుచ్చి, వేలు నొక్కి, ఆకుపచ్చ దీపం వెలిగాక పుస్తకంలో సంతకం పెట్టేవారు. పట్టీ నిజంగానే మంచిది, దీపం నిజంగానే వెలిగేది. అక్కణ్ణుంచి బల్ల దాకా పది అడుగులు. ఆ పది అడుగుల్లోనే క్లిప్పు జేబులోకి పోయేది. పైన పొడుగు కోటు, ఎవరికి కనబడుతుంది? ఎప్పుడైనా మనసు గుచ్చితే, "నా చేతికి తెలుసులే," అనుకునేవారు. చేతికేం తెలుస్తుంది, మట్టి! తెలియదని ఊరందరికీ పాఠం చెప్పిందే ఆయన.

ఆయన పక్క బల్ల, నాలుగో నంబరు, ఆయన మరదలిది. అంటే వాళ్ళావిడకు సొంత చెల్లెలు. ఆవిడ భర్త దూరాల లారీ నడుపుతాడు, నెలలో నాలుగు రోజులు ఇంట్లో ఉంటే గొప్ప. మాస్టారే ఆవిణ్ణి తీసుకొచ్చి పని నేర్పి ఆ కుర్చీలో కూర్చోబెట్టారు. అక్కడ అందరూ ఆవిణ్ణి తీగమ్మ అంటారు. క్లిప్పు తగిలించుకున్న సంగతి మరిచిపోయి మంచినీళ్ళకని గబుక్కున లేవడం, తీగ లాగడం, మళ్ళీ ధబ్బున కుర్చీలో పడటం, రోజుకు రెండుసార్లయినా జరిగేది.

"కట్టుకొయ్య బలంగానే ఉందా మరదలా?" అనేవారు మాస్టారు.

"నేర్పింది మీరే కదా బావా. గురువు గట్టివాడైతే ముడి కూడా గట్టిగానే పడుతుంది," అని నవ్వేసేది.

ఆవిడకు ఒకటే ఇబ్బంది. వెంట్రుకంత కాళ్ళుండే పెద్ద ఐసీలు మార్చాలంటే చేయి బెదిరేది. "బావా, ఇదొక్కటి పెట్టివ్వరూ," అని బోర్డు ఆయన బల్ల మీదికి జరిపేది. ఆయన నాలుగు నిమిషాల్లో నలభై ఎనిమిది కాళ్ళూ అతికించి ఇచ్చేసేవారు. మిగతా పని చేసి, పరీక్షించి, మూత బిగించేది ఆవిడ. మూత బిగించినవాళ్ళ నంబరే బోర్డు మీద స్టిక్కరుగా పడాలని అక్కడి నియమం. కాబట్టి మాస్టారు ముట్టుకున్న ప్రతి బోర్డు మీదా నాలుగో నంబరే ఉండేది. ఆయనకు సొంతంగా బోర్డులు లేవు. నేర్పడం, తనిఖీ చెయ్యడం, మరదలికి చేసిపెట్టడం, ఇంతే ఆయన పని.

ఆ ఏడు చలి ఎండు చలి. పెదవులు పగిలేంత పొడిగాలి, ఒంట్లో పిడుగు రెట్టింపుగా పోగయ్యే కాలం. గదిలో తేమ నింపే యంత్రం చెడిపోయి నెలన్నర అయింది. లోకంలో యంత్రాలన్నీ బాగుచేసే చోట అదొక్కటే బాగుపడక మూలన పడి ఉంది. మాస్టారు కోటు కింద వాళ్ళావిడ అల్లిన ఉన్ని స్వెట్టర్ వేసుకొని వచ్చేవారు. విప్పేటప్పుడు చిటపటమనేది. వినీ విననట్టు ఊరుకునేవారు.

ఒకరోజు మేనేజరమ్మ ఆయన్ను గదిలోకి పిలిచి వెండి రంగు కవర్లలో ఆరు బోర్డులు ముందు పెట్టింది.

"ఆరూ ఈ నెలలోనే తిరిగొచ్చాయి మాస్టారూ. ఆరూ మనం బాగుచేసి పంపినవే. ఒక వార్డులో పంపు మందెక్కిస్తూ ఎక్కిస్తూ ఆగిపోయిందట. అలారం మోగింది కాబట్టి సరిపోయింది, నర్సు పరుగెత్తుకొచ్చి చేత్తో ఎక్కించింది. లేకపోతే మనం ఇవాళ ఇలా కూర్చొని మాట్లాడుకునేవాళ్ళం కాదు." ఆవిడ ఒక బోర్డు తిప్పి స్టిక్కరు చూపించింది. "ఆరింటి మీదా నాలుగో నంబరే. మీ మరదలని నాకు తెలుసు. అయినా మీకే ఇస్తున్నా. మీరు మొహమాటపడే మనిషి కారు. చూసి ఏం జరిగిందో రాసివ్వండి."

మాస్టారు బోర్డులు తెచ్చుకొని భూతద్దం కింద పెట్టారు. మొదటిది చూడగానే గుర్తుపట్టారు. ఐసీ మూల కాలి దగ్గర ఒక టంకం చుక్క, మిగతా కాళ్ళకన్నా కాస్త లావుగా, గుండ్రంగా. పని మొదలుపెట్టేముందు ఐసీ కదలకుండా ఆయన పెట్టుకునే చుక్క అది. ఇరవయ్యారేళ్ళ అలవాటు. ఆ గదిలో ఇంకెవరూ అలా పెట్టరు. రెండోది చూశారు. మూడోది చూశారు. ఆరో బోర్డు చూడకుండానే తెలుసు, అయినా చూశారు. ఆరింటిలోనూ పోయింది ఆయన పెట్టిన ఐసీయే. పైకి ఏ మచ్చా లేదు. లోపల గాయం. ఎన్నేళ్ళుగానో కొత్తవాళ్ళకు కథలా చెబుతున్న గాయం.

అప్పటికప్పుడు లేచి మేనేజరమ్మ గదికి వెళ్ళి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. లేచారు కూడా. నాలుగు అడుగులు వేశారు. ఏమని చెప్పాలి? క్లిప్పు జేబులో పెట్టుకున్నానని చెప్పాలా? మాస్టారు! పట్టీ లేనివాడు చేతులు కడుక్కోని డాక్టరన్న మాస్టారు! బల్లలన్నిటి మీంచి తలలు తిరిగి చూస్తున్నట్టు అనిపించింది. నిజానికి ఎవరూ చూడలేదు, ఎవరి పనిలో వాళ్ళున్నారు. ఆయన నీళ్ళు తాగి, తిరిగొచ్చి కూర్చొని, కాగితం మీద రాశారు: 'నాలుగో బల్ల వద్ద స్టాటిక్ జాగ్రత్తలు లోపించి ఉండవచ్చు.' లోపించాయని రాయలేదు కదా, ఉండవచ్చనే కదా రాశానని తనకు తాను చెప్పుకున్నారు. కాగితం ఇచ్చేటప్పుడు మేనేజరమ్మ ముఖంలోకి చూడలేకపోయారు. ఆవిడ మాత్రం మరదలి మీద రాయాల్సి వచ్చినందుకు మనిషి బాధపడుతున్నాడనుకొని, "మీలాంటివాళ్ళు ఉండబట్టే నడుస్తోంది," అంది. ఆ మాటకు ఆయన చెవులు కాలిపోయాయి.

మర్నాడు తీగమ్మను ప్యాకింగ్ గదికి మార్చారు. బోర్డులు ముట్టుకోకూడదు, అట్టపెట్టెలకు టేపు వెయ్యాలి. "సరే మేడమ్," అంది, అంతే. పట్టీ విప్పి, తీగ చుట్టచుట్టి, సొరుగులో పెట్టి, బల్ల మీది రబ్బరు చాప తుడిచి మరీ వెళ్ళింది. పోతూ పోతూ, "మీ పేరు చెడగొట్టాను బావా," అంది మెల్లగా. తేలు కుట్టిన దొంగలా మాస్టారు కిమ్మనలేదు.

ఒకటీ రెండూ కాదు, మూడు వారాలు కిమ్మనలేదు. క్లిప్పు మాత్రం ఆ రోజు నుంచే బల్లకు తగిలించడం మొదలుపెట్టారు. ఎవరి కోసమో!

రెండు కుటుంబాలూ ఒకే ఇంట్లో కిందా పైనా ఉంటాయి. మూడో ఆదివారం మధ్యాహ్నం తీగమ్మ కూతురు, పదేళ్ళ పిల్ల, కిందికి దిగొచ్చింది. పాపిట వంకర, వెనక జడ సగం ఊడిపోయి ఉంది.

"ఆ తలేమిటే, పిచ్చుకలు గూడు పెట్టాయా?" అంది మాస్టారి భార్య. "మీ అమ్మకు చేతులు పడిపోయాయా?"

"అమ్మ దువ్వట్లేదు పెద్దమ్మా. దువ్వితే చిటపటమంటోందని భయం. తన ఒంట్లో కరెంటు ఎక్కువుందట. అందుకే అవన్నీ పాడయ్యాయట. నన్ను ముట్టుకోవాలంటే ముందు వెళ్ళి కుళాయి పట్టుకొని వస్తోంది. నేనే దువ్వుకుంటున్నా. వెనక అందట్లేదు."

మాస్టారు పేపరు చదువుతున్నారు. పేపరు ఎత్తి ముఖానికి అడ్డం పెట్టుకున్నారు.

"విన్నారా? దానికి మతిపోయినట్టుంది," అంది భార్య. "మీరే కదా గురువుగారు, అలాంటిదేం ఉండదని చెప్పరాదూ? మీరు చెబితే వింటుంది."

"చెబుతాలే," అన్నారు నీళ్ళు నములుతూ. పేపరులో అక్షరం ఆనడం లేదు. పిల్ల ఆయన కుర్చీ పక్కనే నిలబడి వేళ్ళతో జడ చిక్కు తీసుకుంటోంది. చెయ్యి చాచి ఆ జడ వెయ్యొచ్చు. ఆయన చెయ్యి లేవలేదు.

సోమవారం పొద్దున షిఫ్టు మొదలవకముందే తీగమ్మ ఆయన బల్ల దగ్గరికి వచ్చింది.

"ఒక్క సాయం చెయ్యండి బావా. ఆ మీటరుతో నన్నొకసారి చూడండి. ఎంత ఉందో తెలిస్తే కనీసం పిల్లకెంత దూరంలో ఉండాలో తెలుస్తుంది."

ఆ మీటరు టార్చిలైటులా ఉంటుంది. ముట్టుకోకుండానే మనిషి ఒంటి మీద ఎన్ని వోల్టులున్నాయో చెబుతుంది. కొత్తవాళ్ళ పాఠానికి తప్ప బయటకు తియ్యరు. మాస్టారు తీశారు. ఆవిడ నాలుగో బల్ల సొరుగులోంచి తన పట్టీ తీసి, పనిలో ఉన్నప్పటిలాగే తొడుక్కొని, క్లిప్పు బల్లకు తగిలించి, పరీక్షకు నిలబడ్డ బడిపిల్లలా చేతులు ముందుకు చాచింది. సున్నా. కూర్చొని లేవమన్నారు. సున్నా. నాలుగుసార్లు లేచి కూర్చుంది. సున్నాయే.

"చూశావా? ఏం లేదు. నీ ఒళ్ళు నిక్షేపంగా ఉంది," అన్నారు.

ఆవిడ ముఖం తేటపడలేదు. "అయితే నేనే ఎక్కడో అజాగ్రత్తగా ఉన్నానన్నమాట. ఆ ఆరూ మీరు ఐసీ పెట్టిచ్చినవే బావా. బాగా గుర్తు. మీ చెయ్యి పడ్డాక పాడయ్యాయంటే, మీరు ఇచ్చాక నేనే చెడగొట్టి ఉండాలి. రాత్రీపగలూ ఇదే ఆలోచన, ఎక్కడ, ఎక్కడ అని."

మాస్టారు మీటరును తనవైపు తిప్పుకున్నారు. ఏదో ఒకటి అనాలని, "నా చెయ్యి కూడా చెయ్యే కదా," అన్నారు. "నా దాన్లో కూడా ఎంతుందో చూడాలి కదా."

"మీకెందుకు బావా," అంది ఆవిడ, చాలా మామూలుగా. "మీరు క్లిప్పు జేబులో పెట్టుకొని చేసినా ఏం కాదు. నేను మొదట్లో చూసి కంగారుపడ్డా. చెబుదామనుకున్నా. తర్వాత, ఛ, నేర్పిన మనిషికి నేను చెప్పేదేమిటి, ఆ నియమం మాలాంటి చేతకానివాళ్ళకేలే అనుకున్నా."

రెండేళ్ళుగా ఆవిడకు తెలుసు. రోజూ పక్కనే కూర్చొని చూసింది. చూసి కూడా, ఆరు బోర్డులు తిరిగొచ్చాక కూడా, ఆవిడ వేలు ఆయనవైపు తిరగలేదు. తన చేతుల్నే అనుమానించుకుంది, కన్నకూతుర్ని ముట్టుకోవడం మానేసింది. ఎవరైనా వచ్చి చెంప ఛెళ్ళుమనిపించి ఉంటే మాస్టారికి అంత నొప్పి కలిగేది కాదు. పట్టీ విప్పి సొరుగులో పెట్టి ఆవిడ ప్యాకింగ్ గదికి వెళ్ళిపోయింది. ఆయన మీటరును మళ్ళీ లోపల పెట్టలేదు.

పది గంటలకు కొత్తవాళ్ళు వచ్చారు, ఐదుగురు. మేనేజరమ్మ వాళ్ళను తీసుకొచ్చి, ఎప్పటిలాగే తనూ ఒక పక్కన చేతులు కట్టుకొని నిలబడింది. మాస్టారు పిడుగు సంగతి ఎత్తలేదు. కోటు గుండీలు పెట్టుకొని, పట్టీ తొడుక్కొని, క్లిప్పు జేబులో వేసుకొని, తన కుర్చీలో కూర్చున్నారు. ముందు వరసలో ఉన్న అమ్మాయికి మీటరు ఇచ్చి, "నేను లేచాక ఇది నా దగ్గర పెట్టి చూడమ్మా," అన్నారు. లేచారు.

"రెండు వేల ఆరువందలు సార్!" అంది ఆ అమ్మాయి.

"పట్టీ ఉంది కదా, మరి ఎందుకొచ్చింది?" అని జేబులోంచి క్లిప్పు బయటకు లాగి చూపించారు. "ఇదిగో, ఇది ఇక్కడుంది కాబట్టి. రెండేళ్ళుగా ఇక్కడే ఉంది."

కొత్తవాళ్ళు పకపకా నవ్వారు. పాఠం భలేగా చెబుతున్నాడు అనుకున్నారు. ఆ నవ్వు ఆయన ఊహించనిది. చెప్పిన మాటే మళ్ళీ చెప్పాల్సి వచ్చింది, అదీ నవ్వుతున్న ముఖాల ముందు.

"నవ్వకండి. ఇది పాఠం కాదు." మేనేజరమ్మ వైపు తిరిగారు. "నేను రెండేళ్ళుగా ఎర్త్ లేకుండా పని చేశాను. మేడమ్, ఆ ఆరు బోర్డులూ పాడుచేసింది నేను. ఆ ఐసీలు నేను పెట్టినవి. నాలుగో బల్ల తప్పేం లేదు. రిపోర్టులో నేను రాసింది అబద్ధం."

నవ్వులు ఆగిపోయాయి. బల్లల దగ్గర సోల్డరింగ్ ఐరన్లు కూడా ఆగిపోయాయి. ఈసారి నిజంగానే తలలన్నీ తిరిగి చూశాయి.

"మీకు ఎప్పుడు తెలిసింది?" అంది మేనేజరమ్మ.

"మీరు ఆ కవర్లు చేతికిచ్చిన రోజే."

"మూడు వారాలు." ఆవిడ గొంతు పెంచలేదు. "ఆరే తిరిగొచ్చాయి మాస్టారూ. మీరు ముట్టుకున్నవి మిగతావెన్ని? ఈ మూడు వారాలూ అవి ఎన్ని మంచాల పక్కన తిరుగుతున్నాయి?"

నిజం చెప్పాలంటే, అది ఆయనకు తట్టలేదు. మూడు వారాలూ నలుగురిలో తలెత్తుకోవడం ఎలాగా అనే ఆలోచించారు. మరీ మనసు మెత్తబడ్డప్పుడు మరదలి గురించి ఆలోచించారు. పంపు అవతలి చివర పడుకొని ఉన్న మనిషి ఒక్కసారి కూడా గుర్తుకు రాలేదు. ఉన్నమాటే చెప్పారు: "ఎన్నో తెలీదు మేడమ్. ఎక్కడా రాసి లేదు."

"నా దగ్గరుంది," అని వెనకనుంచి వినబడింది.

ప్యాకింగ్ గది గుమ్మంలో తీగమ్మ నిలబడి ఉంది, చేతికి టేపు చుట్ట గాజులా వేలాడుతోంది. ఎప్పుడొచ్చిందో, ఎంత విన్నదో. నాలుగో బల్ల దగ్గరికి వెళ్ళి సొరుగులోంచి అట్ట చిరిగిన నోటుపుస్తకం తెచ్చి మేనేజరమ్మకు ఇచ్చింది. చేసిన ప్రతి బోర్డు నంబరూ రోజువారీగా రాసుకున్న పుస్తకం. కొన్ని నంబర్ల పక్కన నక్షత్రం గుర్తు, దాని పక్కన 'బావ చేసిచ్చారు' అని చిన్న అక్షరాలు. రెండేళ్ళలో నూట పన్నెండు నక్షత్రాలున్నాయి. ఆ పుస్తకం చూపించి ఉంటే మూడు వారాల క్రితమే ఆవిడ బయటపడేది. చూపించాలని ఆవిడకు తోచనే లేదు. అది సాక్ష్యమని కాదు కదా, కృతజ్ఞతగా రాసుకుంది.

ఆ రోజంతా మాస్టారు ఫోను ముందు కూర్చున్నారు. నక్షత్రం ఉన్న ఒక్కొక్క నంబరూ ఏ ఆసుపత్రికి పోయిందో చూడటం, ఆ వార్డుకు ఫోను చెయ్యడం, "ఆ పంపు వాడకండి, పక్కన పెట్టండి, వెనక్కి పంపండి," అని చెప్పడం. ఎందుకని అడిగిన ప్రతివాళ్ళకూ, "నేను సరిగ్గా చెయ్యలేదు," అని చెప్పారు. ఒకచోట నర్సు, "ఓ, అదా! నిన్న రెండుసార్లు ఆగింది. తట్టి నడిపిస్తున్నాం," అంది నవ్వుతూ. ఆవిడ దాన్ని తీసి పక్కన పెట్టేదాకా ఆయన ఫోను పెట్టలేదు. మళ్ళీ తర్వాతి నంబరు కలిపారు.

సాయంత్రానికి తేలింది ఇది. ఇక నుంచి ఆయన బోర్డు ముట్టుకోరు, పాఠం చెప్పరు. ప్యాకింగ్ గదిలో ఉంటారు. తీగమ్మ రేపటి నుంచి నాలుగో బల్లకు వస్తుంది, పెద్ద ఐసీలు కూడా ఆవిడే పెడుతుంది. చేయి బెదిరితే మెల్లగా పెడుతుంది, తొందరేం లేదని మేనేజరమ్మ అంది.

ఇంటికి వెళ్ళాక మాస్టారు చొక్కా కూడా మార్చుకోకుండా మేడమెట్లు ఎక్కారు. తీగమ్మ వంటింట్లో గిన్నెలు కడుగుతోంది. ఆయన గుమ్మంలోనే ఆగిపోయారు. లోపలికి వెళ్ళడానికి ముఖం చెల్లలేదు.

"నేను..." అన్నారు. "నిన్ను..."

"నాకు చెప్పక్కర్లేదు బావా," అంది వెనక్కి తిరక్కుండానే. "పొద్దున అక్కడే ఉన్నా, అంతా విన్నా." కుళాయి కట్టేసింది. "ముందుగదిలో అది లెక్కలు చేసుకుంటోంది. వెళ్ళి దానికి చెప్పండి."

మేనేజరమ్మ ముందు చెప్పారు, ఐదుగురు కొత్తవాళ్ళ ముందు చెప్పారు, ముక్కూముఖం తెలియని నర్సులకు చెప్పారు. అదంతా ఒక ఎత్తు, ఆ ముందుగదిలోకి నాలుగడుగులు వెయ్యడం ఒక ఎత్తు అయింది. పిల్ల చాప మీద బోర్లా పడుకొని రాసుకుంటోంది. పాపిట నిన్నటికన్నా వంకరగా ఉంది. మాస్టారు ఎదురుగా నేల మీద కూర్చున్నారు.

"మీ అమ్మ ఒంట్లో కరెంటేం లేదమ్మా. జుట్టు చిటపటమనేది చలికి. ఎవరు దువ్వినా అంటుంది. ఆ బోర్డులు పాడుచేసింది అమ్మ కాదు, నేను."

పిల్ల పెన్సిలు కింద పెట్టి లేచి కూర్చుంది. "నువ్వా?"

"నేనే."

"నీకు ఇవాళే తెలిసిందా పెదనాన్నా?"

"కాదు. ముందే తెలుసు."

"నిన్న నేను కిందికొచ్చి చెప్పానే, అప్పుడూ తెలుసా?"

"తెలుసు."

"మరి చెప్పలేదేం?"

ఎన్ని ప్రశ్నలకు జవాబు చెప్పారో ఆయన జీవితంలో. వోల్టుల గురించి, ఎర్త్ గురించి, గాయపడ్డ ఐసీల గురించి. "సిగ్గేసిందమ్మా," అన్నారు చివరికి.

పిల్ల ఆ మాటను కాసేపు అటూ ఇటూ తిప్పి చూసినట్టు ఆయన ముఖంలోకి చూసింది. కోపం లేదు, నిజంగానే అర్థంకాక అడిగింది. "నీకు సిగ్గేస్తే అమ్మ నన్ను ముట్టుకోకూడదా?"

మాస్టారు తల వంచుకున్నారు.

పిల్ల లేచి, అలమర మీది దువ్వెన తీసుకొని, ఆయన్ను దాటుకొని వంటింట్లోకి వెళ్ళింది. తల్లి ముందు పీట వేసుకొని వీపు తిప్పి కూర్చుంది. తీగమ్మ చెయ్యి అలవాటుకొద్దీ కుళాయి వైపు సగం వెళ్ళి ఆగింది. తడి చేతులు చీరకు తుడుచుకొని దువ్వెన అందుకుంది. దువ్వుతుంటే చిటపటమంది. "అబ్బా, మెల్లగా," అంది పిల్ల. ముందుగదిలో మాస్టారికి అంతా వినబడుతూనే ఉంది. కూర్చోమనీ ఎవరూ అనలేదు, వెళ్ళమనీ అనలేదు. జడ వెయ్యడం అయ్యేదాకా ఆయన ఆ చాప పక్కనే కూర్చొని, తర్వాత లేచి మెట్లు దిగారు.